పచ్చదోమ ప్రేమపాట

బియ్యపు గింజలో సగం కూడా ఉండని ఒక పురుగు నన్ను కావలిలో నిండు సభ ముందు తలదించుకునేలా చేసింది. అసలు ఆ తప్పు పురుగుది కాదు. అది పాపం ఆకు కింద కూర్చుని తన మానాన తాను రసం పీల్చుకుంటూ ఉంది. దాని పేరు చెప్పుకుని ఒక మంచి కుటుంబం పెంచుకున్న అరెకరం తోటను మాడ్చేసింది మాత్రం నేను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. దాచుకుందామంటే, ఆ రోజు సభకు వచ్చిన రైతులు ఊళ్ళకు వెళ్ళి నాకంటే ముందే చెప్పేశారు. ఒక్కో ఊళ్ళో ఒక్కో రకంగా చెబుతున్నారట. నా నోటితో చెబితే కనీసం జరిగింది జరిగినట్టు ఉంటుందని రాస్తున్నాను.

అప్పుడు నాకు పాతికేళ్ళు. మాది బుచ్చిరెడ్డిపాలెం, వరి పండించే ఇల్లు. మా వంశంలో పురుగుల మీద మందు కొట్టిన వాళ్ళే గాని పురుగుల మీద పరిశోధన చేసిన వాళ్ళు లేరు. ఆ మొదటి మనిషిని నేనే అయ్యేసరికి నడకలో కొంచెం తేడా వచ్చింది. నా పేరు సుజాత. ఆ రోజుల్లో ఎవరైనా మేడం అనకుండా ఉత్త సుజాత అని పిలిస్తే రెండోసారికి గాని పలికేదాన్ని కాదు.

మా గైడు గారిని సారు అనే చెబుతాను. నోట్లో యాలక్కాయ వేసుకుని నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆయన పరిశోధన తేయాకు తోటలకు పట్టే పచ్చదోమ మీద. దోమంటే మనల్ని కుట్టేది కాదు. లేతాకుపచ్చ రంగులో, ఆకు అడుగున ఉంటూ, ముట్టుకుంటే పక్కకి గెంతే చిన్న పురుగు. అది రసం పీల్చిందంటే ఆకు అంచులు పసుపెక్కి, ముడుచుకుని, చివరికి నిప్పు తగిలినట్టు మాడిపోతాయి.

ఈ పురుగులో ఒక విచిత్రం ఉంది. మగది పొట్టను ఆడించి తాను కూర్చున్న కొమ్మను వణికిస్తుంది. ఆ వణుకు కాండం గుండా పాకి పక్క ఆకు మీదున్న ఆడదానికి కాళ్ళ ద్వారా తెలుస్తుంది. అదీ వణికి జవాబిస్తుంది. ఆ జవాబు పట్టుకుని మగది వెతుక్కుంటూ వెళుతుంది. ఆ మాటల మధ్యలోకి మనం ఇంకో వణుకును పంపిస్తే, ఒకదాని పిలుపు ఇంకోదానికి అందక, సంసారాలు కుదరక, మందు కొట్టకుండానే పురుగు తగ్గుతుందా? ఇది సారు వేసుకున్న ప్రశ్న. దాన్ని జవాబని అనుకున్నది నేను.

తేయాకు కొండల మీద పండేది, మనది సముద్రపు ఒడ్డు. అందుకని సారు ఒక దారి చెప్పారు. "మన బెండ మొక్కల మీద ఉండే పచ్చదోమ తేయాకు దోమకు దగ్గరి చుట్టం. ముందు ఇక్కడ వినడం నేర్చుకో. తర్వాత కొండకు పోదాం. ఎవరన్నా రైతును అడిగి రెండు సాళ్ళు తీసుకో. వినడం ఒక్కటే నీ పని. ఇంకేమీ చెయ్యొద్దు."

ఆ చివరి రెండు మాటలు నేను విన్నాను. వినలేదని అబద్ధం చెప్పను.

అట్లా జువ్వలదిన్నె దగ్గర ఇసుక నేలల్లో బెండ వేసిన పెంచలయ్య ఇంటికి చేరాను. ఆయనకు యాభై దాటాయి. పది మాటలు అడిగితే ఒకటి మాట్లాడతాడు. మిగతా తొమ్మిదీ ఆయన భార్య కోటమ్మ మాట్లాడుతుంది. ఎకరం లోపు నేల, ఒక బర్రె, తాటాకు దడి కట్టిన తోట. ఆ వేసవంతా ఆ ఇల్లు గడవడానికి ఆ బెండ చెట్లే ఆధారం.

నేను సంచీలోంచి మొక్క వణుకును చెవికి వినిపించే క్లిప్పులూ వైర్లూ తీసి పరుస్తుంటే పెంచలయ్య వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"ఏం చేస్తారు మేడం వీటితో?"

"దోమలు మాట్లాడుకునేది వింటానన్నా."

ఆయన ఒక వైరు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఏం మాట్లాడుకుంటాయి?"

"పెళ్ళి మాటలు."

"ఎవురి పెళ్ళి?"

"వాటి పెళ్ళే."

పక్కన బెండకాయలు కోస్తున్న కోటమ్మ కొంగు సర్దుకుంది. "అంత లోపలి మాటలు మనం వినొచ్చునా మేడం?"

నేను పెద్దగా నవ్వి తేయాకు గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. కొన్ని దేశాల్లో ఈ దోమ కొరికిన తేయాకుకే తేనె వాసన వస్తుందనీ, ఆ టీ కోసం జనం ఎగబడతారనీ చెప్పాను. పెంచలయ్య మొహంలో మొదటిసారి వెలుగు కనబడింది. "అయితే మా బెండకాయక్కూడా ఆ వాసనొస్తాదా?" అన్నాడు. రాదని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది.

పని మాత్రం సాగలేదు. సముద్రం గాలికి మొక్కలు ఊగిపోతుంటే నా చెవుల్లో గాలి తప్ప ఇంకేమీ లేదు. వారం రోజులు ఎండలో స్టూలు మీద కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తుఫాను హెచ్చరికలు వింటున్నట్టు గాలి హోరు విన్నాను. ఎనిమిదో రోజు ఒక ఉపాయం తట్టింది. మొక్కకు తగిలించిన క్లిప్పు కదలకుండా ఉండాలంటే దాన్ని గట్టిదానికి దేనికైనా కట్టాలి. సాలు చివర, దడి సందులోంచి పొడుచుకొచ్చిన ఒక లావుపాటి కొయ్య కనబడింది. చేత్తో కదిలించి చూస్తే రాయిలా ఉంది. క్లిప్పును ఒక బద్దకు, బద్దను ఆ కొయ్యకు బిగించి కట్టాను.

కోటమ్మ గంపతో వచ్చి, "మేడం, ఆ కొయ్యకు మాత్రం కట్టబాకండి, అది..." అని మొదలుపెట్టింది.

నేను వేలు పెదవుల మీద పెట్టి ఇయర్‌ఫోన్లు చూపించాను. ఆమె తప్పు చేసినదానిలా నాలుక కరుచుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళిపోయింది. నాకంటే పాతికేళ్ళు పెద్దామె. తన సొంత తోటలో.

ఆ రోజు పది దాటాక పాట వినబడింది.

కర్ర్, కర్ర్, కర్ర్, కర్ర్. ఒకే తాళం, ఒకే లయ. యాభై సార్లు దాకా నడిచి ఆగింది. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో లోపలెక్కడో ఒక 'గుళుక్'. మళ్ళీ కర్ర్, కర్ర్, కర్ర్. నాకు ఒళ్ళు జలదరించింది. నోటుపుస్తకంలో గబగబా రాసుకున్నాను: మగది చాలాసేపు పిలుస్తుంది. ఆగి ఎదురుచూస్తుంది. ఆడది ఒకే ఒక్క మాట అంటుంది. దాంతో మగదానికి ఉత్సాహం వచ్చి మళ్ళీ అందుకుంటుంది. మా పెదనాన్న, పెద్దమ్మల కాపురం ముప్పై ఏళ్ళు ఇలాగే నడిచింది కాబట్టి నాకు ఇందులో అనుమానించాల్సింది ఏమీ కనబడలేదు.

వెంటనే సారుకు ఫోను చేశాను.

"సార్, వినబడింది."

"మంచిది. ఎంతసేపు?"

"గంటన్నర సార్."

అటువైపు యాలక్కాయ ఆగిపోయింది. "గంటన్నరా? అంత చిన్న పురుగా?"

"చాలా ఓపికున్న పురుగు సార్."

"సుజాతా, ఒక పని చెయ్యి. ఆ మొక్క మీదున్న పురుగులన్నీ తీసేసి, ఉత్త మొక్క మీద మళ్ళీ విను. అప్పుడు ఏమీ వినబడకూడదు."

ఇది మా చదువులో మొదటి పాఠం. దానికి పది నిమిషాలు పడుతుంది. సరే సార్ అన్నాను, చెయ్యలేదు. తీరిక లేక కాదు. చేస్తే ఏమవుతుందోనని లోపల ఎక్కడో భయం. ఆ భయానికి నేను నమ్మకం అని పేరు పెట్టుకున్నాను.

ఒక రోజు మాత్రం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పాట రాలేదు. పుస్తకంలో 'విరహం' అని రాసి కింద గీత గీశాను.

మూడు వారాల్లో కావలిలో రైతుల సభ ఉంది. సారు అక్కడ మాట్లాడబోతున్నారు. నేను బతిమాలి నాకూ పది నిమిషాలు అడిగి తీసుకున్నాను. ఉత్త పాట వినిపిస్తే ఏం బాగుంటుంది? ఆ పాటతోనే దోమల్ని తరిమేశానని చెబితే కదా అసలు గొప్ప. నేను రికార్డు చేసిన దాన్ని తోటంతా ఒకేసారి మోగిస్తే, ఏ ఆడదోమకూ తన మొగుడెవరో తెలియకుండా పోతుందని లెక్క వేశాను. సాళ్ళ వెంట తీగలు లాగి, వాటిని వణికించే చిన్న పరికరాలు తగిలించాను.

ఆ రోజు పెంచలయ్య మందు ట్యాంకు భుజానికి తగిలించుకుని తోటలోకి వచ్చాడు. ఆకుల కింద దోమ అప్పుడప్పుడే పెరుగుతోంది.

"ఏందన్నా అది? కొట్టొద్దు."

"మీ రెండు సాళ్ళు వదిలేసి కొడతా మేడం."

"అట్లా కాదన్నా. తోటంతా నాకు కావాలి. మందు అవసరమే ఉండదు. నేను పాట పెడతా ఉన్నా గదా."

ఆయన కదల్లేదు. "సారు రెండు సాళ్ళే అని చెప్పినారంట గదా."

"సారుతో మాట్లాడినా. నేను మాటిస్తా ఉన్నానన్నా."

సారుతో మాట్లాడలేదు. ఈ కథలో మిగతాదంతా తెలివితక్కువతనం అనుకోవచ్చు. ఈ ఒక్కటి మాత్రం అబద్ధం. పెంచలయ్య నా మొహం వైపు చూసి, ట్యాంకు దించి, దడి పక్కన పెట్టాడు. చదువుకున్న పిల్ల మాటిచ్చింది, ఇంకేం కావాలి ఆయనకు?

పాట మోగింది. మొదటి వారం ఆకుల అంచులు కాస్త పసుపెక్కాయి. ఎండకనుకున్నాను. రెండో వారం ఆకులు దొన్నెల్లా పైకి ముడుచుకున్నాయి. చెయ్యి తగిలితే చాలు, పచ్చటి తుంపర లేచినట్టు దోమలు లేచేవి.

"మేడం, శానా ఎక్కువైనట్టుండాయే," అన్నాడు పెంచలయ్య.

"అవి ఎక్కువ కాలేదన్నా. పాటకు కంగారుపడి బయటికొస్తా ఉన్నాయి. అందుకని ఎక్కువ కనబడతా ఉన్నాయి."

ఆయన ఒక ఆకు తిరగేసి చూపించాడు. అడుగున లెక్కలేనన్ని పిల్లదోమలు ఎండ్రకాయల మాదిరి పక్కవాటుగా నడుస్తున్నాయి.

"కంగారు పడే ఇంతమంది పిల్లల్ని కన్నాయా మేడం?"

నేను ఆకును మళ్ళీ బోర్లించేశాను. "ఇదే చివరి తరం అన్నా," అన్నాను. ఎవరి చివరి తరమో చెప్పలేదు.

సభ రోజు వచ్చింది. నేను కొత్త చీర కట్టుకున్నాను. పెంచలయ్యనూ కోటమ్మనూ ముందు వరసలో కూర్చోబెట్టాను. సారు వాళ్ళ దగ్గరికి వచ్చి ఆప్యాయంగా, "తోటెట్లా ఉంది పెంచలయ్యా?" అని అడిగారు.

పెంచలయ్య నా వైపు చూశాడు. తర్వాత తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "బాగుండాదయ్యా," అన్నాడు.

తోట మాడిపోతోందని ఆయనకు తెలుసు. నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పాడు. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండాల్సింది. విప్పాను గాని, మైకు పట్టుకోవడానికి.

దోమల ప్రేమ గురించి ఐదు నిమిషాలు కవిత్వం చెప్పి, ఈ పాటనే తోటలో మోగించానని గొప్పగా ప్రకటించి, పాట పెట్టాను. హాలంతా కర్ర్, కర్ర్, కర్ర్ అని నిండింది. రైతులు తల వంచి శ్రద్ధగా విన్నారు. ఒకాయన మొహం చిట్లించాడు. ఇంకొకాయన పక్కాయన చెవిలో, "ఇది యాడో విన్నట్టుండాది," అన్నాడు. మూడో వరసలో ఒక ముసలాయన దవడ తనకు తెలియకుండానే తాళానికి తగ్గట్టు ఆడుతోంది. 'గుళుక్' దగ్గరికి వచ్చేసరికి నలుగురైదుగురు ఒకేసారి తలలెత్తారు.

సారు లేచి, "క్లిప్పు ఎట్లా కట్టావు?" అని అడిగారు.

"ఫొటో ఉంది సార్," అని ఉత్సాహంగా తెర మీద పెట్టాను. నేను స్టూలు మీద కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని పరవశిస్తుండగా కోటమ్మ చేత తీయించుకున్న ఫొటో అది. అప్పటికి దాన్ని ఇరవైసార్లు చూసుకున్నాను. ఇరవైసార్లూ నా మొహమే చూసుకున్నాను. గోడంత తెర మీద చూస్తే, నా తల వెనక, దడికి అటువైపు, రెండు కొమ్ములు కనబడ్డాయి. కొమ్ముల కింద ఒక నల్లటి మొహం. ఆ మొహం నేను క్లిప్పు కట్టిన కొయ్య మీద గడ్డం ఆనించి, నాలాగే కళ్ళు మూసుకుని, నెమరు వేస్తోంది.

అందరూ తెరనూ నన్నూ మార్చి మార్చి చూశారు.

కోటమ్మ నెమ్మదిగా లేచింది. నాకొక్కదానికే చెబుతున్నట్టు గొంతు తగ్గించి చెప్పింది, కాని నా చేతిలోని మైకులో పడి అందరికీ వినబడింది. "అది దోమ కాదమ్మా. మా బర్రె. అది దాని గుంజ. పదింటికి మేపుకొచ్చి ఆడనే కట్టేస్తాం. కట్టబాకండి అని ఆ పొద్దే చెప్పబోయినా, మీరు చెవుల్లో అవి పెట్టుకోనుండారు."

'విరహం' అని గీత గీసుకున్న రోజున బర్రెను పశువుల డాక్టరు దగ్గరికి తోలుకుపోయారని కూడా అప్పుడే తెలిసింది.

ఆ నవ్వు ఎట్లా ఉందో నేను చెప్పలేను. మూడో వరస ముసలాయన కుర్చీలోంచి జారి కింద కూర్చున్నాడు. ఎవరో, "గంటన్నర ఓపిక దానికే ఉంటాది," అన్నారు. సారు కూడా నవ్వారు. నవ్వుతూనే, "మరి తోటలో మోగించానన్నావే, అదీ ఇదేనా?" అన్నారు.

"ఇదే సార్."

ఇంకో విడత నవ్వు.

"రెండు సాళ్ళలోనే గదా?"

నేను తెర మీది ఫొటో తీసేశాను. సారు మొహంలో నవ్వు తగ్గింది. "ఎన్ని సాళ్ళు సుజాతా?"

"తోటంతా సార్. మందు కొట్టనియ్యలేదు. మీతో మాట్లాడానని పెంచలయ్యన్నకు అబద్ధం చెప్పాను."

నవ్వు ఎవరూ ఆపమనకుండానే ఆగిపోయింది. అందరూ రైతులే. అరెకరం బెండకు మూడు వారాలు మందు లేకపోతే ఏమవుతుందో వాళ్ళకు ఎవరూ వివరించనక్కర్లేదు. అందరూ పెంచలయ్య వైపు చూశారు. ఆయన ఇబ్బందిగా, "పాప తెలీక చేసింది లెండయ్యా," అన్నాడు. ఇంతమంది నవ్వినప్పుడు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది.

ఆ సాయంత్రమే సారు తోటకు వచ్చారు. ఆకులన్నీ అంచుల దగ్గర మాడి, కాయలు వేలెడు కూడా పెరగక వంకర్లు తిరిగి ఉన్నాయి. ఇప్పుడు మందు కొట్టినా లాభం లేదు. సారు పెంచలయ్య చేతులు పట్టుకుని, "ఇది నా తప్పు. నేను వచ్చి చూసుకోవాల్సింది," అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే ఆ చెట్లు పీకడానికి నేనూ వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు. బెండ ఆకు నూగు చేతులకు గుచ్చుకుని దురద పుడుతుంటే, కోటమ్మ పాత చొక్కా ఒకటి తెచ్చి నా చేతులకు తొడిగింది. ఇద్దరం పక్కపక్క సాళ్ళలో పీకుతున్నాం. ఎంతసేపటికీ ఆమె ఏమీ అనకపోయేసరికి నేనే, "తిట్టండక్కా," అన్నాను.

ఆమె నడుము నిలబెట్టి నిలుచుంది. "తిట్టేదానికేముందమ్మా. మీరు పాట పెట్టిన మాట నిజమే, దోమలు విన్న మాటా నిజమే. బాగా తిని, సుఖంగా నెమరేసుకోండి అని తోటంతా చెప్పినారు. అట్నే చేసినాయి."

అని మళ్ళీ వంగి పీకడం మొదలుపెట్టింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికి వెళ్ళి చూస్తే నవ్వు ఆపుకుంటోంది. నేనూ నవ్వాను, తర్వాత ఏడ్చాను. ఆమె వెళ్ళి సద్దన్నం, ఉల్లిపాయ తెచ్చి గట్టు మీద పెట్టింది.

ఆ నేలలో మళ్ళీ గోరుచిక్కుడు వేయడానికి సారు విత్తనాలు తెచ్చి ఇచ్చారు. నేను ఆ పంట చేతికొచ్చేదాకా వారానికి రెండుసార్లు వెళ్ళి కలుపు తీశాను. దాంతో పోయిన బెండ తిరిగి రాలేదు. ఆ వేసవి ఆ ఇంట్లో ఎట్లా గడిచిందో కోటమ్మ నాకు చెప్పలేదు, నేను అడగగలిగిన దాన్నీ కాదు.

మరుసటి ఏడాది, గాలి రాని గదిలో, బరువైన రాతిబండ మీద కుండీ పెట్టి, నిజమైన పచ్చదోమను విన్నాను. వేలిగోటితో నూలుగుడ్డ మీద గీసినట్టు, ఊపిరి తీసి వదిలినంతసేపు, అంతే. ఆ తర్వాత పురుగులన్నీ తీసేసి ఉత్త మొక్క మీద గంటసేపు విన్నాను. ఏమీ వినబడలేదు. నా చదువంతటిలో నేను విన్న అన్నిటికంటే మంచి పాట అదే.

ఇప్పుడు తేయాకు కొండలకూ వెళుతున్నాను, మన ఒడ్డు పల్లెలకూ వెళుతున్నాను. ఈ మధ్య ఒక రైతు నా తీగలు చూసి, "ఇది పని చేస్తాదా మేడం?" అని అడిగాడు.

"తెలీదన్నా. ఒక్క సాలులో చూద్దాం. మిగతా తోటకు నీ పని నువ్వు చేసుకో."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "తెలీదని చెప్పేదానికా మేడం ఇన్నేళ్ళు చదివినారు?"

"అవునన్నా. అది నేర్చుకునేదానికే ఎక్కువ రోజులు పట్టింది."

కాబట్టి పాఠకులందరి ఎదుటా నిలబడి, చేతులు కట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ పురుగు తరఫునా ఏ మనిషికీ మాటివ్వను. పురుగులు కూడా దయచేసి నా తరఫున ఎవరికీ మాటివ్వవద్దని మనవి.